ఎన్నికల్లో ఎవరికి మద్దతివ్వాలో కార్మిక సంఘం తేల్చుకోవడం ఎలా?

షెడ్యూలు వెలువడిన మర్నాటి నుంచే సంఘం ఆఫీసుకు నాయకుల రాకపోకలు మొదలవుతాయి. నలుగురు కూర్చుని ఒక పేరు అనుకుని, సాయంత్రం గేట్ మీటింగులో దాన్ని ప్రకటించేస్తే సభ్యులు చప్పట్లు కొడతారు, ఓటు మాత్రం తమకు తోచినవారికే వేస్తారు. సంఘం మాటకు విలువ ఉండాలంటే ఆ పేరు ఎలా వచ్చిందో, ఎందుకు వచ్చిందో ప్రతి సభ్యుడూ ఇంటికి వెళ్లి చెప్పగలగాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల సంఘాలను దృష్టిలో పెట్టుకుని ఆ పని ఎలా చేయాలో వివరిస్తున్నాను.

ముందు నియమావళి తీయండి

రాజకీయ మద్దతు ప్రకటించే అధికారం కార్యవర్గానికి ఉందా, సర్వసభ్య సమావేశానికే ఉందా అన్నది సంఘం నియమావళిలో చూడండి. ఏమీ రాసి లేకపోతే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసుకోవడమే క్షేమం. ప్రభుత్వ ఉద్యోగుల సంఘాలకు ఈ దారి లేదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగులు ఎన్నికల ప్రచారంలో పాల్గొనకూడదు. 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు కాబట్టి వారూ ఇది గుర్తుంచుకోవాలి. అలాంటి సంఘాలు ఎవరి పేరూ చెప్పకుండా, ఓటు హక్కు గురించి సభ్యులకు అవగాహన కల్పిస్తే చాలు.

డబ్బు విషయం ఇంకా ముఖ్యం. సాధారణ నిధిని రాజకీయ ఖర్చుకు వాడకూడదు. దానికి వేరే నిధి ఉండాలి, అందులో చందా వేయమని ఏ సభ్యుడినీ బలవంతం చేయకూడదు. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం పెట్టిన ఈ నియమం, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది.

సభ్యుల ఓట్లు ఎక్కడున్నాయో చూడండి

చాలా సంఘాలు ఈ పనిని వదిలేస్తాయి. రేణిగుంటలోని ఒక ఫ్యాక్టరీనే తీసుకోండి. రేణిగుంట, ఏర్పేడు నుంచి వచ్చేవారి ఓటు శ్రీకాళహస్తి అసెంబ్లీ స్థానంలో ఉంటుంది. నగరంలో ఉండేవారిది తిరుపతి. తిరుచానూరు, అవిలాల వారిది చంద్రగిరి. పుత్తూరు నుంచి వచ్చేవారిది నగరి. ఎంపీ దగ్గరకు వచ్చేసరికి మొదటి రెండు స్థానాలూ తిరుపతి లోక్‌సభ కిందకు, చివరి రెండూ చిత్తూరు లోక్‌సభ కిందకు వస్తాయి. తిరుపతి నగరాన్ని ఆనుకుని ఉన్న పల్లెలో కాపురముంటూ చిత్తూరు ఎంపీని ఎన్నుకునే కార్మికులు వందల్లో ఉంటారు. శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతంలో అయితే సరిహద్దు దాటి తమిళనాడు నుంచి వచ్చేవారు కూడా ఉన్నారు.

కాబట్టి సభ్యత్వ రిజిస్టరులో పేరు పక్కన నియోజకవర్గం, పోలింగ్ కేంద్రం రాయండి. అది పూర్తయ్యాకే ఏ అభ్యర్థితో మాట్లాడాలో తేలుతుంది. ఓటు లేనివారు, ఇల్లు మారినవారు కూడా అప్పుడే బయటపడతారు. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8 నింపించాలి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి.

ఎవరిని ఏం అడగాలి?

ఎమ్మెల్యే అభ్యర్థిని పింఛను గురించి, ఎంపీ అభ్యర్థిని మునిసిపల్ కాంట్రాక్టు గురించి అడిగితే ఇద్దరూ సులువుగా తప్పించుకుంటారు. పీఎఫ్ పింఛను కేంద్రం చేతిలోనిది. 2014 సెప్టెంబరులో కనీస పింఛనును నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. దాన్ని పెంచాలని పార్లమెంటులో అడుగుతారా అన్నది ఎంపీ అభ్యర్థికి వేయాల్సిన ప్రశ్న. ఈఎస్ఐ వేతన పరిమితి కూడా అంతే. ఎమ్మెల్యే అభ్యర్థిని కనీస వేతనాల సవరణ గురించి, ఔట్‌సోర్సింగ్ గురించి, కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాల (కార్మిక కోడ్‌ల) కింద రాష్ట్రం చేసే నిబంధనల గురించి అడగండి. ఫ్యాక్టరీల్లో రోజు పని గంటల పరిమితిని 10కి పెంచేందుకు 2025లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దానిపై అభ్యర్థి వైఖరి ఏమిటో స్పష్టంగా రాయించుకోవాలి.

ప్రశ్న వేసే తీరులోనే సగం పని ఉంది. “కార్మికుల సంక్షేమానికి కట్టుబడి ఉన్నారా?” అని అడిగితే ఉన్నామనే అంటారు, దానితో మనకు ఒరిగేదేమీ లేదు. ఇలా అడిగి చూడండి: “ఈఎస్ఐ, పీఎఫ్ పేరుతో జీతంలో కోత పెట్టి, ఆ సొమ్ము జమ చేయని కాంట్రాక్టరుపై మొదటి ఆరు నెలల్లో ఏ అధికారికి లేఖ రాస్తారు? ఆ లేఖ ప్రతిని సంఘానికి ఇస్తారా?” దీనికి వచ్చే జవాబును రేపు ఎత్తి చూపి నిలదీయవచ్చు. ఏడెనిమిది ప్రశ్నలు దాటకుండా, అందరికీ ఒకే పత్రం పంపి, సంతకంతో జవాబు అడగండి. జవాబివ్వని వారి పేరు ఎదురుగా ‘జవాబు రాలేదు’ అని రాసి సభ్యుల ముందు పెట్టండి.

ఈలోగా అభ్యర్థుల అఫిడవిట్లు తిరగేయండి. ఫారం 26లో కేసులు, ఆస్తులు, అప్పులు, ప్రభుత్వానికి చెల్లించాల్సిన బకాయిలు, వృత్తి ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ప్రభుత్వంతో కాంట్రాక్టుల వివరాలు రాసే భాగాన్ని తప్పక చదవండి. మన సభ్యులకు జీతమిచ్చే కాంట్రాక్టుతో అభ్యర్థి కుటుంబానికి సంబంధం ఉంటే, సభ్యులకు అది ముందుగా తెలియాలి. అభ్యర్థి ఇంతకుముందు ఎమ్మెల్యేగానో ఎంపీగానో ఉండి ఉంటే చట్టసభలో ఏ ప్రశ్నలు అడిగారో కూడా వెతకండి.

మూడు షిఫ్టుల ఓటింగు

జవాబులన్నీ వచ్చాక వాటిని ఒకే కాగితంపై పక్కపక్కన వేసి నోటీసు బోర్డులో పెట్టి, కనీసం వారం రోజులు ఉంచండి. తర్వాత రహస్య ఓటింగు. చేతులెత్తించడం వద్దు. సూపర్‌వైజరు చూస్తుండగా, పక్కనే మేస్త్రీ ఉండగా కాంట్రాక్టు కార్మికుడు తన మనసులోని మాట చెప్పలేడు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి షిఫ్టులు మారే మూడు వేళల్లోనూ పెట్టె ఉంచాలి. లేకపోతే రాత్రి షిఫ్టువారి అభిప్రాయమే రాదు. బ్యాలెట్ కాగితంలో ‘ఎవరికీ మద్దతు వద్దు’ అన్న గడి కూడా ఉండాలి.

మూడింట రెండొంతుల ఓట్లు వస్తేనే మద్దతు ప్రకటించాలన్నది నా గట్టి అభిప్రాయం. సగానికి ఒక ఓటు ఎక్కువ వచ్చిందని ప్రకటిస్తే మిగతా సగం సంఘానికి దూరమవుతుంది. రేపు బోనస్ కోసం సమ్మె నోటీసు ఇవ్వాల్సి వచ్చినప్పుడు వాళ్లూ మన వెంట ఉండాలి కదా. అంత మెజారిటీ రాకపోతే పోలిక పట్టికను పంచి ఊరుకోండి. ఆ పట్టిక కూడా సభ్యులకు పెద్ద సాయమే.

ప్రకటన, కరపత్రం

కరపత్రంలో అభ్యర్థి పేరు కంటే ముందు కారణాలు రాయండి. ఏ ప్రశ్నకు ఏం జవాబిచ్చారు, ఎన్ని ఓట్లతో తీర్మానం జరిగింది, ఏ విషయంలో మనకు ఇంకా అసంతృప్తి ఉంది, ఇవన్నీ ఉండాలి. ‘ఇది సంఘం సలహా మాత్రమే, ఓటు మీ ఇష్టం’ అన్న వాక్యం పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి.

ప్రచురించినవారి, ముద్రించిన ప్రెస్సు పేర్లు, చిరునామాలు లేని ఎన్నికల కరపత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం ఖర్చు పెట్టడమూ తప్పే. అనుమతి ఇస్తే ఆ ఖర్చు ఆయన లెక్కలో చేరుతుంది. మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలుగా 2022లో నిర్ణయించారు. తిరుమల కొండపై పనిచేసే సభ్యులతో ఈ సమావేశాలు కింద నగరంలోనే పెట్టుకోండి. కొండపై రాజకీయ వ్యాఖ్యలను 2024 నవంబరులో టీటీడీ పాలకమండలి నిషేధించింది.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. సభ్యుల చేత స్వామి పటం ముందు ప్రమాణం చేయించడం, కర్పూరం ఆర్పించి ఓటు మాట తీసుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఫలానావారికి ఓటేయకపోతే దేవుడి ఆగ్రహానికి గురవుతారని ఓటరును నమ్మించడాన్ని భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్ అనుచిత ప్రభావంగా పరిగణిస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, భయపెట్టి వేయించిన ఓటును సంఘం బలమని చెప్పుకోలేం. డబ్బు తీసుకుని ఓట్లు హామీ ఇచ్చే నాయకుణ్ని ఆ రోజే పదవి నుంచి తప్పించాలి.

పోలింగ్ రోజు

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు నుంచి ప్రచార సభలు ఆగిపోవాలి, గేట్ మీటింగు కూడా. అప్పటి నుంచి సంఘం పని సెలవు చూసుకోవడమే. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ కింద ఓటున్న ప్రతి కార్మికుడికీ ఆ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. రోజుకూలీలకు కూడా ఇది వర్తిస్తుంది. పని ఆగితే ప్రమాదం లేదా భారీ నష్టం జరిగే చోట్లకు మాత్రం మినహాయింపు ఉంది. రెండు వారాల ముందే యాజమాన్యానికి, ప్రతి కాంట్రాక్టరుకూ విడివిడిగా లేఖ ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. సెలవు ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా, ఎన్నికల సంఘం హెల్ప్‌లైన్ 1950 నంబరుకు ఫోనులో ఫిర్యాదు చేయండి.

ఫలితాలు వచ్చాక గెలిచినవారి సంతకం ఉన్న జవాబు పత్రాన్ని తీర్మానంతో కలిపి ఫైలులో పెట్టండి. మనం మద్దతిచ్చినవారు గెలిచినా, వేరేవారు గెలిచినా, నెల తిరగకముందే ఆ పత్రం నకలుతో వెళ్లి కలవండి.