సముద్రతీరంలో కెమెరాను ఉప్పు నుంచి కాపాడుకోవడం ఎలా?

ఉప్పాడ బీచ్ రోడ్డు పక్కన రాళ్లను కొట్టి ఎగసిపడే అలలనో, భీమిలి ఒడ్డున పడవలనో ఫొటో తీయడానికి వెళ్లేవారు కెమెరా నీళ్లలో పడుతుందేమోనని భయపడతారు గాని, అంతకంటే తరచుగా ఎదురయ్యే ప్రమాదం గాలిలో కలిసివచ్చే ఉప్పు తుంపర. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. తుంపర ఆరిపోయినా ఆ ఉప్పు కెమెరా మీదే మిగిలి, గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడల్లా మళ్లీ నీటిని పీల్చుకుని, లెన్స్ మౌంటునూ (లెన్సును కెమెరాకు బిగించే చోటు), అక్కడి లోహపు కాంటాక్టులనూ మెల్లగా తినేస్తుంది. అందువల్ల పొడిగుడ్డతో తుడవడం చాలదు. ఉప్పును మంచినీటి తడితోనే తీయాలి.

లెన్సును ఇంట్లోనే బిగించుకుని వెళ్లాలి, ఒడ్డున మార్చకూడదు. మామూలు రోజుల్లో ఫిల్టర్ అవసరమా అన్న వాదన ఎలా ఉన్నా, సముద్రం దగ్గర మాత్రం లెన్సు ముందు యూవీ ఫిల్టర్ (లెన్సుకు బిగించే పారదర్శక గాజు) ఉండాలన్నదే నా అభిప్రాయం. కెమెరాకు రెయిన్ కవర్ తొడగాలి; అది లేకపోతే ప్లాస్టిక్ సంచికి లెన్సు పట్టేంత రంధ్రం చేసి రబ్బరు బ్యాండుతో బిగించినా పని జరుగుతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకుంటుంది కనుక, వెలుగు కోసమే కాక తుంపర తక్కువగా ఉండటం కోసం కూడా తెల్లవారుజామే మేలు.

ఇంటికి రాగానే, రేపు చూద్దామని వదిలేయకుండా, ముందుగా కెమెరా ఆపి, లెన్సు విప్పకుండానే బ్లోయరుతో (చేత్తో నొక్కి గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఇసుకను ఊదివేయాలి. ఈ పని చేయకుండా గుడ్డ తాకిస్తే ఇసుక రేణువులు అద్దాన్ని గీరేస్తాయి. తరువాత మైక్రోఫైబర్ గుడ్డను మంచినీటిలో ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండి, కెమెరా బాడీని, జూమ్ రింగును, బటన్ల చుట్టూ ఉన్న సందులను తుడవాలి. గుడ్డను కడిగి మరొకసారి తుడిచి, ఆపైన పొడిగుడ్డతో ఒత్తి ఆరనివ్వాలి. లెన్సు అద్దానికి వేరే శుభ్రమైన గుడ్డ వాడాలి. క్లీనింగ్ ద్రావణాన్ని గుడ్డ మీదే వేసి, మధ్య నుంచి అంచుకు సుతారంగా తుడవాలి. నేరుగా అద్దం మీద వేస్తే అది అంచుల గుండా లోపలికి దిగవచ్చు.

ట్రైపాడ్‌ను చాలామంది మరచిపోతారు. దాని కాళ్లను పూర్తిగా చాపి మంచినీటితో కడిగి, ఆరిన తరువాతే మడవాలి.

ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి వెళ్లేటప్పుడు లెన్సుపై ఆవిరి పట్టకుండా, కెమెరాను మూసిన బ్యాగులోనే అరగంటపాటు ఉంచి తీయాలి. దాచేటప్పుడు గాలి చొరబడని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్‌తో పెట్టి, లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే ఫంగస్ బెడద తగ్గుతుంది.

ఒకవేళ కెమెరా అలలో పడితే, పనిచేస్తోందా అని ఆన్ చేసి చూడకూడదు. వెంటనే బ్యాటరీని, మెమరీ కార్డును తీసి, బియ్యంలో పెట్టి కాలయాపన చేయకుండా, అదే రోజు సర్వీస్ సెంటరుకు చేర్చి, పడింది ఉప్పునీటిలో అని తప్పక చెప్పాలి.