జపాన్ ఆర్‌పీజీలు, విజువల్ నావెల్స్: సగంలో వదలకుండా ఆడటం ఎలా

జపాన్ రోల్ ప్లేయింగ్ గేములు (ఆర్‌పీజీలు), అంటే ఒక పాత్రగా కథలో తిరుగుతూ, పోరాడుతూ బలం పెంచుకునే ఆటలు, కొన్నవాళ్లలో చాలామంది వాటిని సగంలోనే వదిలేస్తారు. అరవై గంటలు, కొన్నిటికి వంద గంటలు పడుతుందని వినగానే టెన్షన్ మొదలవుతుంది. తొందరగా అవగొట్టేద్దామని డైలాగులు దాటేస్తారు. డైలాగులు పోయాక మిగిలేవి ఒకే రకం ఫైట్లు. అవి విసుగు పుట్టిస్తాయి, ఆట అక్కడే ఆగిపోతుంది. విజువల్ నావెల్స్‌కి, అంటే తెర మీద బొమ్మలతో చదివే కథలకి, ఇంకో గతి పడుతుంది. ‘ఇందులో బటన్ నొక్కడం తప్ప ఏముంది’ అని తెరిచిన రోజే మూసేస్తారు.

నేను ఈ రెండు రకాలూ ఏళ్ల తరబడి ఆడుతున్నాను. పగలంతా ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూసే పని. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక దొరికే గంట నాది. ఆ గంటలోనే ఇంత పెద్ద ఆటలు పూర్తవుతాయి, పైగా బాగా పూర్తవుతాయి. అందుకు కావాల్సింది వేగం కాదు. ఇవి చదివే ఆటలని ఒప్పుకుని కూర్చోవాలి, అంతే.

ఈ రెండింటికీ ఉన్నది నిజంగానే రక్తసంబంధం. యూజి హోరీ అనే ఆటల రచయిత 1983లో ‘పోర్టోపియా’ అనే హత్య కేసు ఆట చేశాడు. కోబె నగరంలో మనుషుల్ని ప్రశ్నలడుగుతూ దర్యాప్తు చేయాలి. అదే హోరీ 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’ చేశాడు. జపాన్ ఆర్‌పీజీలకు ఒక రూపం ఏర్పడింది దానితోనే. ఆ ఆటలోనూ దారి తెలియాలంటే ఊళ్లో వాళ్ల మాట వినాల్సిందే. అందులో సేవ్ కూడా ఉండేది కాదు. రాజుగారు ఇరవై జపనీస్ అక్షరాల మంత్రం ఒకటి చెబుతారు, దాన్ని కాగితం మీద రాసుకుని మళ్లీ ఆడేటప్పుడు కొట్టాలి. ఆ ఆటను హోరీతో కలిసి తయారుచేసిన చున్‌సాఫ్ట్ సంస్థే 1992లో ‘ఒతొగిరిసో’ తెచ్చింది. తెర నిండా కథ, వెనక చప్పుళ్లు, మధ్యమధ్యలో మనం ఎంచుకోవాల్సిన దారులు. దానికి సౌండ్ నావెల్ అని పేరు పెట్టారు. 1996లో లీఫ్ అనే సంస్థ ‘షిజుకు’తో విజువల్ నావెల్ అనే పేరు మొదలుపెట్టింది. అంటే ఫైట్లున్న ఆటా, కథ మాత్రమే ఉన్న ఆటా ఒకే వీధిలో పెరిగాయి.

దేనితో మొదలుపెట్టాలి

ఆర్‌పీజీల్లో మొదటిది ‘డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్’ అయితే మంచిది. పీసీ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్టులో దీని డెమో ఉచితం. పది గంటల దాకా నడుస్తుంది, ఆ సేవ్ అసలు ఆటలోకి వస్తుంది కూడా. డబ్బులు పెట్టేముందు ఈ పద్ధతి మీకు సరిపడుతుందో లేదో పూర్తిగా తెలిసిపోతుంది. నచ్చితే సేల్ వచ్చేదాకా ఆగండి, ధర బాగా తగ్గుతుంది.

విజువల్ నావెల్స్‌లో మొదటిది ‘ఏస్ అటార్నీ’. షు టకుమి చేసిన ఈ కోర్టు ఆట 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది. ఇప్పుడు మొదటి మూడు భాగాలూ కలిపి పీసీలో దొరుకుతాయి. విడివిడి కేసులు, మొదటి కేసు చిన్నది. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఇందులో సాక్షి చెప్పే ప్రతి వాక్యాన్నీ ముందు ‘ప్రెస్’ చేయండి, అంటే నిలదీయండి. దానివల్ల దాదాపు ఎప్పుడూ నష్టం ఉండదు, కొత్త సంగతులు బయటపడతాయి. ఆధారం చూపించడం ఆ తర్వాత. ముందే ఊహించి ఆధారాలు విసిరితే తప్పు పడ్డ ప్రతిసారీ జరిమానా పడుతుంది. చదివినవాడే గెలిచే ఆట ఇది. మిగతా విజువల్ నావెల్స్ ఎలా చదవాలో కూడా ఇదే నేర్పుతుంది.

ఇవేవీ తెలుగులో లేవు, ఇంగ్లిష్‌లో ఆడాలి. డ్రాగన్ క్వెస్ట్ ఇంగ్లిష్ మరీ చిక్కుగా ఉంటుంది. ఒక్కో ఊరికి ఒక్కో యాస పెట్టారు. హొట్టో అనే ఊళ్లోవాళ్లయితే హైకూల్లోనే మాట్లాడతారు. కంగారు పడకండి. ఇంగ్లిష్‌లో చదివితే మనం కొంచెం నెమ్మదిస్తాం, ఈ ఆటలకు ఆ నెమ్మదే కావాలి. గొంతులు మాత్రం వీలున్నచోట జపనీస్‌లో పెట్టుకోండి. కింద అక్షరాలు చదువుతూ పైన గొంతులోని కోపం, బెరుకు వినడం కొద్దిరోజుల్లోనే అలవాటవుతుంది.

ఊళ్లో అడుగుపెట్టాక

కొత్త ఊరు రాగానే ఆయుధాల కొట్టుకి పరిగెత్తకండి. ముందు అందరితోనూ మాట్లాడండి. ఊళ్లో పెద్ద సంఘటన ఏదైనా జరిగాక మళ్లీ ఒక చుట్టు తిరగండి. మంచి ఆటల్లో ఆ మాటలు మారి ఉంటాయి. డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్‌లో వెంట నడిచేవాళ్లతో కూడా ఎప్పుడంటే అప్పుడు మాట్లాడొచ్చు. జరిగిన దాని గురించి ఒక్కొక్కరు ఒక్కోలా అంటారు. ఆ మాటలు వినకుండా ఆడినవాళ్లకి, ఆ జట్టులోని సిల్వాండో ఒక వేషగాడిలా మిగిలిపోతాడు. విన్నవాళ్లకి ఆ జట్టుకి ప్రాణం అతనేనని తెలుస్తుంది. ఇదే ఆట మొదట్లో కష్టం పెంచే సెట్టింగులు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి ఊళ్లోవాళ్లు అప్పుడప్పుడు అబద్ధాలు చెప్పేలా చేస్తుంది. మొదటిసారి దాన్ని ముట్టుకోకండి, కానీ అలాంటి సెట్టింగు ఉందంటేనే ఊరివాళ్ల మాటకు ఈ ఆటలో ఎంత విలువుందో చూడండి.

పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకోండి. పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరికి ఏం ఇస్తామని మాటిచ్చాం, ఇవి చాలు. మార్చి నెలాఖరులో నాకు వారాల తరబడి ఆట ముట్టుకునే తీరిక ఉండదు. తిరిగి తెరిచినప్పుడు ఆ నాలుగు వాక్యాలే నన్ను కథలోకి తీసుకెళతాయి. సగంలో వదిలేసేవాళ్లలో ఎక్కువమంది కష్టం వల్ల కాదు, ఎక్కడ ఆపారో మర్చిపోవడం వల్ల వదిలేస్తారని నా నమ్మకం.

ఫైట్లు

ఓడిపోగానే వెనక్కి పోయి చిన్న శత్రువులతో గంటలకొద్దీ పోరాడి లెవెల్స్ (పాత్రల బలం) పెంచుకోవడం అందరూ చేసే పని. చాలాసార్లు అది అనవసరం. ‘షిన్ మెగామి టెన్సెయ్ 3: నాక్టర్న్’ 2003లో వచ్చింది, ఇప్పుడు దాని హెచ్‌డీ రీమాస్టర్ ఉంది. అందులో మొదట్లోనే మటడోర్ అనే బాస్, అంటే పెద్ద శత్రువు, ఎదురవుతాడు. కత్తి పట్టిన అస్థిపంజరం. చాలామంది ఆట మూసేసేది అక్కడే. ఈ ఆటలో శత్రువు బలహీనత మీద కొడితే అదనపు అవకాశం వస్తుంది. దెబ్బ గురి తప్పితే మాత్రం రెండు అవకాశాలు పోతాయి. మటడోర్ తన ఎర్రగుడ్డ ఊపి తప్పించుకునే శక్తిని అమాంతం పెంచుకుంటాడు. ఇక మన దెబ్బలన్నీ గాల్లోకే, మన వంతులన్నీ అతనికే. ఇక్కడ లెవెల్స్ పెంచితే కొంత లాభమే, కానీ జవాబు అది కాదు. అతని తప్పించుకునే శక్తిని తగ్గించే ‘సుకుండా’ లాంటి మంత్రం ఉన్న సహచర భూతాలు కావాలి. అతను వాడే ఫోర్స్ (గాలి) దాడికి బలహీనం కాని భూతాలు కావాలి. అవి లేకపోతే ఉన్నవాటిని కలిపి కొత్తవి తయారుచేసుకోవాలి. అంటే ఓడిన మొదటిసారే అతను ఏ వరసలో ఏం చేస్తున్నాడో చూసి రాసుకోవాలి. బాస్ కూడా చదవాల్సిన పాత్రే అని నాకు అర్థం చేయించిన ఆట ఇది. మటడోర్ పడిపోయాక మిగతా ఆటంతా వేరేలా కనిపిస్తుంది.

బఫ్‌లు (మన బలం పెంచే మంత్రాలు), డీబఫ్‌లు (శత్రువు బలం తగ్గించేవి) అన్ని ఆర్‌పీజీల్లోనూ వాడండి. దాచుకున్న మందులు వాడండి. చివరి బాస్ కోసమని దాచినవి చివరికి సంచిలోనే మిగిలిపోతాయి. లెవెల్ నిజంగానే తక్కువైతే, డ్రాగన్ క్వెస్ట్‌లో మెటల్ స్లైమ్‌లను పట్టుకోండి. అవి తొందరగా పారిపోతాయి, దొరికితే మాత్రం ఒక్క ఫైట్‌కే బోలెడు అనుభవం వస్తుంది.

పెర్సోనా, అంటే రెండూ కలిసిన చోటు

ఈ రెండు రకాలూ ఒకచోట చూడాలంటే ‘పెర్సోనా 4 గోల్డెన్’ ఆడండి. అసలు ఆట 2008లో వచ్చింది, గోల్డెన్ 2012లో, పీసీలోకి 2020లో. ఇనాబా అనే చిన్న ఊరు. అమ్మానాన్నలు విదేశానికి వెళ్లడంతో ఒక కుర్రాడు ఏడాది పాటు మేనమామ ఇంట్లో ఉండటానికి వస్తాడు. మేనమామ దొజిమా పోలీసు డిటెక్టివ్, ఆయన చిన్న కూతురు నానకో. ఊళ్లో హత్యలు జరుగుతుంటాయి. పగలు బడి, సాయంత్రం స్నేహాలు, టీవీ లోపలి లోకంలో ఫైట్లు. క్యాలెండర్ రోజు రోజుకీ నడుస్తుంది, పోయిన రోజు తిరిగి రాదు.

ఇక్కడ నేను చెప్పే పద్ధతి ఇది. ఎవరినైనా కాపాడాల్సి వచ్చినప్పుడు టీవీ లోకంలోని ఆ డంజియన్‌ని, అంటే శత్రువులు నిండిన చోటుని, ఒకటి రెండు రోజుల్లోనే ముగించేయండి. వరసగా వానలు పడి ఊరిని పొగమంచు కమ్మేలోపు కాపాడాలి కాబట్టి చివరి రోజు దాకా ఆగకండి. మిగిలిన రోజులన్నీ మనుషులకి ఇవ్వండి. ఇందులో ఒక్కో స్నేహానికి ఆర్కానా అనే టారో కార్డు గుర్తు ఒకటి ఉంటుంది. ఎవరిని కలవబోతున్నారో వాళ్ల ఆర్కానాకి చెందిన పెర్సోనా (ఫైట్లలో మనం పిలిచే శక్తిరూపం) ఒకటి మీ దగ్గర ఉంచుకుంటే స్నేహం తొందరగా పెరుగుతుంది. ఏ రోజు ఎవరితో గడపాలో వేసిన చార్టులు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. మొదటిసారి వాటి జోలికి పోకండి. మీకు నచ్చినవాళ్లతో గడిపిన ఏడాదే మీ ఏడాది. అందరి స్నేహాలూ పూర్తి చేయాలంటే సంపాదించుకున్నవి కొన్ని వెంట తెచ్చుకుని ఆటను మళ్లీ మొదటినుంచి ఆడే న్యూ గేమ్ ప్లస్ ఎలాగూ ఉంది.

మా అక్క కొడుకు పక్కన కూర్చుని చూస్తూ అడిగాడు: ‘‘పిన్నీ, ఇందులో ఎప్పుడు కొట్టుకుంటారు?’’ అప్పుడు తెర మీద నానకో ఒక్కతే టీవీ ముందు కూర్చుని నాన్న కోసం ఎదురుచూస్తోంది. ‘‘ఆ పాప వాళ్ల నాన్న వచ్చాక చెబుతాను, ఆగు’’ అన్నాను. వాడు ఆగాడు. దొజిమా ఆ రాత్రి కూడా రాలేకపోయాడు. వాడికి దొజిమా మీద కోపం వచ్చింది. ఆ ఆట కోరేదీ ఆ కోపమే. ఇలాంటి సాయంత్రాలు దాటేసినవాళ్లకి తర్వాత ఆ ఇంట్లో జరిగేది ఏమీ తాకదు.

ఒక్క విషయంలో మాత్రం గైడ్ చూడమంటాను. ఈ ఆటలో అసలు ముగింపు ఆట చివర్లో మీరు చెప్పే కొన్ని జవాబుల మీద ఆధారపడి ఉంటుంది. కథ నవంబర్ దాటాక విడి సేవ్ ఒకటి పెట్టుకోండి. ముందు మీ బుద్ధితోనే జవాబులివ్వండి. కథ అర్ధంతరంగా ముగిసినట్టు అనిపిస్తే, అప్పుడు గైడ్ తెరవండి.

విజువల్ నావెల్ చదివే పద్ధతి

సెట్టింగుల్లో అక్షరాల వేగం పెంచి, పేజీలు వాటంతటవే తిరిగే ఆటో తీసేయండి. పేజీ తిప్పేది మీరే కావాలి. డైలాగులు దాటేసే స్కిప్‌ని ‘చదివినవి మాత్రమే’ అని పెట్టండి, లేకపోతే రెండోసారి కొత్త సీన్లు కూడా ఎగిరిపోతాయి. మౌస్ చక్రం పైకి తిప్పితే చాలా ఆటల్లో పాత సంభాషణ కనిపిస్తుంది. ఎంపిక వచ్చిన ప్రతిచోటా కొత్త స్లాట్‌లో సేవ్ చేయండి. చెడ్డ ముగింపు వస్తే బాధపడకండి, అది కూడా రచయిత రాసిన అధ్యాయమే.

‘స్టైన్స్;గేట్’ 2009లో వచ్చింది. 2010 వేసవిలో టోక్యోలోని అకిహబరా అనే పేటలో జరిగే కథ. మొదటి సగం నింపాదిగా నడుస్తుంది, కుర్రాళ్ల కబుర్లు, మైక్రోవేవ్‌తో ప్రయోగాలు. అక్కడ వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వదలకండి. తర్వాత జరిగేది మీ గుండెను పట్టేయాలంటే ఆ కబుర్లన్నీ తెలిసుండాలి. ఇందులో ఎంపికలు తెర మీద జాబితాలా రావు. ఫోన్‌కి వచ్చిన మెయిల్‌కి ఏ మాట పట్టుకుని బదులిస్తారన్న దాని మీద కథ మళ్లుతుంది, ముఖ్యంగా కురిసు అనే అమ్మాయికి ఇచ్చే బదుళ్లు.

‘హిగురాషి’లో అసలు ఎంపికలే లేవు. ర్యూకిషి07 అనే రచయిత 2002 నుంచి ఒక్కో భాగంగా జపాన్‌లో సొంతంగా చేసుకున్న పుస్తకాలు, ఆటలు అమ్ముకునే కామికెట్ అనే సంతలో అమ్ముకుంటూ వచ్చిన కథ. 1983 జూన్, హినమిజావా అనే కొండ పల్లె. మొదటి నాలుగు భాగాలు ప్రశ్నలు, తర్వాతి నాలుగు జవాబులు. ఇక్కడ ఆడటమంటే ఆలోచించడమే. ఒక భాగం అయ్యాక వెంటనే రెండోది తెరవకుండా, ఏం జరిగిందనుకుంటున్నారో పుస్తకంలో రాసుకోండి. హింస తీవ్రంగా ఉంటుంది, పిల్లలకి ఇవ్వకండి. మామూలుగానే విజువల్ నావెల్స్‌లో పెద్దలకి మాత్రమే ఉద్దేశించినవి చాలా ఉన్నాయి, కొనేముందు స్టోర్ పేజీలో ఆ హెచ్చరికలు చదవండి.

తర్వాత ఏం ఆడాలి

పైవాటిలో ఒక్కటి పూర్తి చేసినా మీరు ‘ట్రెయిల్స్ ఇన్ ద స్కై’కి సిద్ధమైనట్టే. ఫాల్‌కామ్ సంస్థ 2004లో తెచ్చిన ఆట. ఊరివాళ్ల మాటలు చిన్న సంఘటనకి కూడా మారతాయి. ‘కార్నేలియా’ అనే నవల అధ్యాయాలుగా విడిపోయి ఊళ్లన్నిటా చెదిరి ఉంటుంది, మనుషుల్ని పలకరిస్తూ వెతికి చదవాలి. అధ్యాయాలు వరసగా ముందుకు పోతాయి కాబట్టి ఒక ఊరు దాటేముందు అక్కడున్నవి తీసుకున్నారో లేదో చూసుకోండి. ఇది మూడు ఆటల వరస: ఫస్ట్ చాప్టర్, సెకండ్ చాప్టర్, థర్డ్. ఫస్ట్ చాప్టర్ కథ సరిగ్గా ఊపిరి ఆగేచోట తెగుతుంది. అందుకని సెకండ్ చాప్టర్ కూడా కొని పెట్టుకునే మొదలుపెట్టండి. థర్డ్ ఆ తర్వాత, వరస మార్చకండి. పాత పీసీ వెర్షన్‌లో ఫస్ట్ చాప్టర్ ముగించిన సేవ్‌ని సెకండ్‌లోకి తెచ్చుకోవచ్చు, ఆ ఫైల్ డిలీట్ చేయకండి.