గోడకి ఏం తగిలించాలి? కొనే ముందు కాస్త చూడండి

ఈమధ్య ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా ఒకటే హాలు. బూడిద రంగు సోఫా, టీవీ వెనక చెక్క పట్టీలు, ఫాల్స్ సీలింగ్ నిండా తెల్ల లైట్లు, సోఫా పైన ఏడు గుర్రాలు పరిగెత్తే పెయింటింగ్. బాగోలేదని కాదు, ఎవరింటికి వచ్చామో తెలీదు, అంతే. పైగా ఆ ఇంట్లోనే అటక మీద నానమ్మగారి కాశీ చెంబులు గోనెసంచిలో మూలుగుతుంటాయి.

ఇప్పుడు చెప్పబోయేది సొంతిల్లు ఉన్నవాళ్లకి మాత్రమే కాదు, అద్దె ఫ్లాట్‌లో మేకు కొడితే ఓనర్ ఊరుకోడు అనుకునేవాళ్లకి కూడా పనికొస్తుంది. పద్ధతి ఒక్కటే. ముందు మీ మనసుకి నచ్చిన ఒక్క వస్తువు తెచ్చుకోండి, తర్వాత గదిని దానికి తగ్గట్టు సర్దండి. చాలామంది తలకిందులుగా చేస్తారు, సోఫా కర్టెన్లు పెయింటు అన్నీ అయిపోయాక చివర్లో గోడకి మ్యాచింగ్‌గా ఏదైనా ఉంటే చూడండి అని షాపులో అడుగుతారు. అలా అడిగితే వాడు చూపించేది ఆ గుర్రాలే.

నచ్చింది ఏదో తెలియాలంటే కొన్నాళ్లు కొనకుండా చూడాలి. ఫోన్లో కాదు, నిజంగా. హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంకి ఒక ఉదయం కేటాయించండి, మొత్తం చూసెయ్యాలని టెన్షన్ పడకుండా ఒకటి రెండు గదులు చాలు. అనంతపురం వైపు వెళ్తే లేపాక్షి. అక్కడ అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫొటో దిగి బయటికి వచ్చేస్తారు, మెడ పైకెత్తేవాళ్లు తక్కువ. వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దం నాటి విజయనగర చిత్రాలున్నాయి. వాటిలో దేవుళ్ల కథ పక్కన పెట్టి ఆడవాళ్లు కట్టుకున్న చీరలు చూడండి, గళ్లు, చారలు, పూల అంచులు, ఒకదాని పక్కన ఒకటి ఎంత ధైర్యంగా పెట్టారో. ఎర్రమట్టి రంగు, పసుపు మట్టి రంగు, తెలుపు, నల్లటి గీత. ఈ కొద్ది రంగులతోనే అంత చేశారంటే మన హాలుకి పన్నెండు రంగులు ఎందుకు?

నచ్చిన ప్రతిదాన్నీ, అనుమతి ఉన్నచోట, ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చాక తీరిగ్గా చూస్తే మీ ఫొటోల్లోనే ఏదో ఒకటి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, కొందరికి ఎరుపు, కొందరికి సన్నటి గీత పని, కొందరికి పాత చెక్క. ఇక దాని వెంట పడండి, మిగతావి వదిలేయండి.

ఉదాహరణకి చేర్యాల నకాషీ పటం తీసుకుందాం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో వేస్తారు. ఒకప్పుడు కులపురాణాలు చెప్పే కళాకారులు ఊరూరా తిరుగుతూ విప్పి చూపించే పొడవాటి బొమ్మల చుట్టలివి. ఇప్పుడు గోడకి సరిపడే చిన్నవి కూడా దొరుకుతాయి, కల్లు గీసేవాళ్లవి, బతుకమ్మ ఆడేవాళ్లవి, నాట్లు వేసేవాళ్లవి. ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి ఆరబెట్టాక దానిమీద వేస్తారు. దగ్గరికెళ్లి పక్కనుంచి చూస్తే గుడ్డ నేత ఆ పూత కింద కాస్త కనిపిస్తుంది, ప్రింటులో ఇది రాదు. బొమ్మల కళ్లు పెద్దవి, చుట్టూ నల్లగీత, వెనకంతా మంచి ఎరుపు.

ఆ ఎరుపుతోనే అసలు చిక్కు. అడుగున్నర పటమైనా సరే గదంతా తనవైపే లాక్కుంటుంది. కాబట్టి దాని పక్కన ఇంకో బొమ్మ పెట్టకండి, వెనక గోడకి ఎరుపో నారింజో అసలే వద్దు. సున్నం తెలుపు లేదా కాస్త పసుపు కలిసిన తెలుపు చాలు. బొమ్మలో ఎక్కువగా ఉన్న రంగు గదిలో తక్కువగా ఉండాలి, బొమ్మలో తక్కువగా ఉన్నది గదిలో ఎక్కువ ఉండొచ్చు, నేనైతే ఈ లెక్కే పాటిస్తాను. పటంలో ఎక్కడో ఒక మనిషి పంచెకో, చెట్టు ఆకులకో ఉన్న ముదురు ఆకుపచ్చని పట్టుకుని కుషన్ కవర్లు ఆ రంగులో తీసుకోండి. ఎరుపు మళ్లీ ఒక్కచోట, చిన్నగా, గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు మీద గుడ్డకో, టేబుల్ రన్నర్ అంచుకో. అంతకు మించొద్దు.

లైటు సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ సగం పని అక్కడే ఉంది. బల్బు డబ్బా మీద 6500 కె (కెల్విన్, వెలుతురు రంగుకి కొలత) అని ఉంటే అది నీలం కలిసిన తెలుపు, దానికింద మట్టి రంగులన్నీ పాలిపోతాయి. 2700 నుంచి 3000 కె మధ్యవి తీసుకోండి, హాల్లో అన్నీ మార్చక్కర్లేదు, బొమ్మ ఉన్న వైపు ఒకటి మారిస్తే తేడా మీకే తెలుస్తుంది. చదువుకునే బల్ల దగ్గర మాత్రం పాత తెల్ల లైటే ఉండనివ్వండి, లేకపోతే పిల్లలు తిడతారు.

లైటు అంటే నిమ్మలకుంట తోలుబొమ్మల లాంప్‌షేడ్లు చెప్పకుండా ఉండలేను. ధర్మవరం దగ్గర ఊరది. తోలుబొమ్మలాట ఆడించిన కుటుంబాలే ఇప్పుడు లాంప్‌షేడ్లూ చేస్తున్నాయి, ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని వెలుతురు దూరేంత పల్చగా చేసి, రంగులద్ది, నగలూ చీర అంచులూ ఉన్నచోట సన్న సన్న చిల్లులు కొడతారు. పగలు చూస్తే రంగులద్దిన తోలు, అంతే. లైటు వేశాక చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా బయటికొచ్చి హారం మెరుస్తుంది. లోపల చిన్న ఎల్‌ఈడీ మాత్రమే పెట్టండి, పాతరకం వేడి బల్బు పెడితే తోలు ముడుచుకుపోతుంది. తడి తగిలినా అంతే. బాత్‌రూమ్ గోడ పక్కన, కిటికీ వాన జల్లు పడేచోట వద్దు.

ఎత్తు గురించి. మనవాళ్లు దేవుడి పటాల అలవాటుకొద్దీ అన్నీ తలుపు పైకి తగిలిస్తారు, తర్వాత ఎవరూ చూడరు. నేల నుంచి బొమ్మ నడిమధ్యకి 57 నుంచి 60 అంగుళాలు ఉంటే నిలబడ్డవాళ్ల కంటికి సరిగ్గా అందుతుంది. సోఫా పైన అయితే సోఫా వీపుకి ఆరేడు అంగుళాల పైనే మొదలవ్వాలి, వెడల్పు సోఫాలో మూడింట రెండొంతులు ఉంటే నిండుగా ఉంటుంది. ఒక్క ముక్క అంత పెద్దది కొనలేకపోతే ఒకే వరసవి మూడు దగ్గర దగ్గరగా పెట్టండి. కొట్టేముందు పాత న్యూస్‌పేపర్‌ని అదే సైజులో కత్తిరించి టేపుతో అంటించి ఓ రెండ్రోజులు అలాగే వదిలేయండి, ఎవరేమన్నా సరే. మేకు వద్దనే ఓనరైతే బొమ్మని బీరువా మీదో, తక్కువ ఎత్తు బల్ల మీదో గోడకి ఆనించి పెట్టేయొచ్చు, చూడ్డానికి ఇంకా బాగుంటుంది కూడా.

గుడ్డల్లో మోసాలెక్కువ, కాబట్టి ఒకటి రెండు గుర్తులు. పోచంపల్లి ఇకత్‌లో దారానికే ముందు రంగు అద్ది తర్వాత నేస్తారు, అందుకని డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త మసకగా చెదిరినట్టు ఉంటాయి. తిరగేస్తే వెలిసినట్టు కనిపిస్తే అది ప్రింటు. శ్రీకాళహస్తి కలంకారీ చేత్తో గీసేది, గీత ఒకచోట లావు ఒకచోట సన్నం అవుతుంది, పక్కపక్కన రెండు ఆకులు ఒకేలా ఉండవు. కరక్కాయ, గేదెపాలలో నానబెట్టిన గుడ్డ కాబట్టి కొత్తదానికి ఒక వాసన కూడా ఉంటుంది. మచిలీపట్నం, పెడన వైపుది అచ్చులతో అద్దేది, అందులో అచ్చూ అచ్చూ కలిసేచోట చిన్న తేడా కనిపిస్తే సంతోషించండి. మెషీన్ ప్రింటు కర్టెన్లు కొంటే తప్పేం లేదు, ఆ ధరకే కొనండి చాలు.

ఇంట్లో చిరిగిన పట్టుచీర ఉంటే పల్లూ బాగున్న మేర ఫ్రేమ్ కట్టించండి. ఫ్రేమ్ షాపతను గుడ్డని అట్టకి ఫెవికాల్‌తో అంటించేస్తానంటాడు, ఒప్పుకోకండి, అంచుల దగ్గర సూదీదారంతో కుట్టించమనండి. అద్దానికీ గుడ్డకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి.

షెల్ఫుకైతే ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి బొమ్మలు. అంకుడు కర్ర మీద లక్కతో చేసే ఏటికొప్పాక నునుపుని చేత్తో తాకాలి, షోకేసు అద్దం వెనక కవరు కూడా తీయకుండా పెట్టకండి బాబూ. ఎండ పడేచోట వద్దు, లక్క మెత్తబడుతుంది. కొండపల్లివి తెల్లపొణికి కర్ర, తేలిక, తొందరగా చెయ్యి విరుగుతుంది, వాటిని పై అరలో పెట్టండి. ఇత్తడి చెంబులు చింతపండుతో తోమి అలాగే వాడండి, గంగాళంలో నీళ్లుపోసి పూలు చల్లడం మాత్రం ప్రతి పెళ్లిలోనూ చూసి విసుగొచ్చింది. దాంట్లో గొడుగులు పెట్టుకోండి, పనికొస్తుంది.

ఒక్క పని మాత్రం ఏటా చేయాలి. వానాకాలం మొదలయ్యేముందు ఫ్రేములన్నీ దించి వెనకవైపు చూడండి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు. గోడ చెమ్మగా ఉంటే లప్పం ఉబ్బి కనిపిస్తుంది, ఆ గోడ మీంచి బొమ్మని వెంటనే మార్చేయండి. మిగతాచోట్ల ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకీ దానికీ మధ్య గాలి ఆడుతుంది, బిళ్లలు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి.