బిట్‌స్లిప్ ఇచ్చాక కాస్త ఆగండి

మన వరంగల్, హనుమకొండ కాలేజీల్లో ప్రాజెక్టుకు జైలింక్స్ 7 సిరీస్ ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూట్‌ను ప్రోగ్రామ్ చేసుకునే చిప్) బోర్డు వాడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. సీరియల్ డేటా వస్తోంది కానీ బైటు ఏ బిట్‌తో మొదలవుతుందో ఆ హద్దు తప్పిందా? ముందు డిలే ట్యాపులు (సిగ్నల్‌ను కొద్దికొద్దిగా ఆలస్యం చేసే మెట్లు) మార్చి, బిట్‌ను చదివే క్షణాన్ని, అంటే శాంప్లింగ్‌ను, ఐ డయాగ్రమ్ మధ్యకు, బిట్ నిలకడగా ఉండే చోటికి తెండి. ఆ తర్వాతే బిట్‌స్లిప్, అంటే బైటు హద్దును జరిపే సిగ్నల్. అది డివైడెడ్ క్లాక్‌కు (బిట్ల క్లాక్‌ను భాగించగా వచ్చే నెమ్మది క్లాక్) ఒక్క సైకిలే హైలో ఉండాలి, వరుసగా రెండు సైకిళ్లు ఇవ్వకూడదు. ఎస్‌డీఆర్‌లో (బిట్ల క్లాక్ సైకిల్‌కు ఒక బిట్) కనీసం 2, డీడీఆర్‌లో (సైకిల్‌కు రెండు బిట్లు) 3 డివైడెడ్ క్లాక్ సైకిళ్లు ఆగాకే డేటా పోల్చండి. డీడీఆర్‌లో బిట్లు ఒకసారి కుడికి 1, మరోసారి ఎడమకు 3 జరుగుతాయి, అది చూసి టెన్షన్ పడొద్దు.

హద్దు సరిచూడటానికి పంపే తెలిసిన బిట్ల వరుసగా, అంటే ట్రైనింగ్ ప్యాటర్న్‌గా, 10101010 అస్సలు వద్దు, రెండు బిట్లు జరిగినా అలాగే కనిపిస్తుంది. 00101100 పెట్టండి. ఎనిమిది స్లిప్పులకూ కుదరలేదంటే సిగ్నల్ జంటలోని పీ (పాజిటివ్), ఎన్ (నెగటివ్) వైర్లు తారుమారయ్యాయేమో చూడండి.