ఇస్కాన్‌కు హిందూ సంప్రదాయంలో చోటెక్కడ? పరిశీలించే పద్ధతి

ఇస్కాన్ (అంతర్జాతీయ కృష్ణ చైతన్య సంఘం) హిందూ సంస్థా కాదా అన్న ప్రశ్నతో మొదలుపెడితే చర్చ ముందుకు సాగదు. వ్యవస్థాపకులు భక్తివేదాంత స్వామి ప్రభుపాదులు కృష్ణ చైతన్యాన్ని హిందూ మతమని పిలవడానికి ఒప్పుకునేవారు కాదు, సనాతన ధర్మమనేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని తీర్పు చెప్పొద్దు. ఆయన కాదన్నది పుట్టుకతో అంటుకునే మతముద్రను. శాస్త్రాన్నీ గురుపరంపరనూ ఆయన ఏనాడూ వదల్లేదు.

ముందు పరంపర చూడండి. సంస్థ 1966లో న్యూయార్క్‌లో పుట్టింది, కానీ అక్కడే ఆగితే లెక్క తప్పుతుంది. ప్రభుపాదుల గురువు భక్తిసిద్ధాంత సరస్వతి గౌడీయ (బెంగాల్ వైష్ణవ) మఠం స్థాపించారు. ఆ శాఖ చైతన్య మహాప్రభువు (1486–1534) దాకా వెళుతుంది. గోదావరి ఒడ్డున ఆయనకూ రామానంద రాయలకూ జరిగిన సంవాదం ఆయన జీవితచరిత్ర చైతన్య చరితామృతం మధ్యలీల ఎనిమిదో అధ్యాయంలో ఉంది; గౌడీయుల భక్తితత్త్వం అర్థం కావాలంటే అది తప్పక చదవాలి. చైతన్యులకు పైన మధ్వాచార్యుల పరంపర చెబుతారు. ఆ లంకెను మాధ్వుల్లో చాలామంది ఒప్పుకోరు, ఎందుకంటే వారిది ద్వైతం (జీవుడూ దేవుడూ వేరు), గౌడీయులది అచింత్య భేదాభేదం (ఊహకందని రీతిలో వేరూ, ఒకటీ).

సిద్ధాంతం తెలియాలంటే ఒకే శ్లోకానికి రెండు మూడు వ్యాఖ్యానాలు పక్కపక్కన పెట్టుకోండి. గీత 14.27, ‘బ్రహ్మణో హి ప్రతిష్ఠాహమ్’, ఇందుకు బాగా పనికొస్తుంది. సవికల్ప (భేదాలున్న) బ్రహ్మానికి ఆశ్రయం నిర్వికల్పమైన (భేదాల్లేని) తత్త్వమేనని శంకరులు ఒక వివరణ ఇస్తారు. నిరాకార బ్రహ్మానికి సాకారుడైన కృష్ణుడే ఆధారమని ప్రభుపాదులు అంటారు. ఇద్దరూ ఆ శ్లోకాన్నే నమ్ముకున్నారు. ప్రభుపాదుల తాత్పర్యం ఒక్కటే చదివి ‘గీత ఇలా అంటోంది’ అని చెప్పడం ఎక్కువగా జరిగే తప్పు; ‘గౌడీయ వ్యాఖ్యానం ఇలా అంటోంది’ అనాలి.

శివుడి విషయం దగ్గర అందరికీ కోపాలొస్తాయి. తిక్కన శివకేశవులు ఒక్కటైన హరిహరనాథుణ్ణి కొలిచిన తెలుగునేలలో శివుణ్ణి కృష్ణభక్తుడనడం గుచ్చుకుంటుంది. అయితే ఇస్కాన్ వారు శివుణ్ణి నిందించరు, భాగవతం 12.13.16 ప్రకారం వైష్ణవుల్లో శ్రేష్ఠుడంటారు. పంచాయతన పూజ (ఐదుగురు దేవతలను సమానంగా కొలవడం) చేసే స్మార్తులకు ఇది నచ్చదు. కానీ దేవతల్లో తారతమ్యం ఇస్కాన్ కొత్తగా తెచ్చింది కాదు, శ్రీవైష్ణవులకూ మాధ్వులకూ ఉంది. స్మార్త పద్ధతినే హిందూ మతమంతా అనుకుంటే ఇది వింతగా కనిపిస్తుంది.

ఆచారంలో తేడా పంచాంగంలో తేలిగ్గా తెలుస్తుంది. ఏకాదశి ఉపవాసానికి స్మార్తులు దశమి వేధను (దశమి ఏకాదశి రోజును తాకడాన్ని) సూర్యోదయం దగ్గర చూస్తారు. గౌడీయులు అరుణోదయం దగ్గర, అంటే సూర్యోదయానికి నాలుగు ఘడియల (96 నిమిషాల) ముందు చూస్తారు. అప్పటికి దశమి మిగిలి ఉంటే ఉపవాసం ద్వాదశికి జరుగుతుంది. క్యాలెండర్‌లో రెండు ఏకాదశులు కనిపిస్తే ఎవరో పొరబడ్డారని అనుకోకండి. మీ ఇంటి సంప్రదాయం ఏదో చూసుకుని దాన్నే పాటించండి. ఇస్కాన్‌లో హరే కృష్ణ జపం రోజుకు 16 మాలలు, మాలకు 108 చొప్పున మంత్రం 1,728 సార్లు. ఆ సంఖ్య దీక్ష తీసుకున్నవారికి నియమం, గుడికి వచ్చే అందరికీ కాదు.

చివరగా, నిజంగా కొత్తవేవో వేరుచేయండి. పుట్టుకతో పని లేకుండా బ్రాహ్మణ దీక్ష ఇవ్వడం భక్తిసిద్ధాంతులే మొదలుపెట్టారు. ప్రభుపాదులు దాన్ని విదేశీయులకూ విస్తరించారు. 1970లో ఏర్పడిన ఇస్కాన్ పాలక మండలి పాత మఠాల్లో ఉండే ఏకపీఠాధిపతి పద్ధతికి భిన్నం. అసలు ఘర్షణ పూరీ దగ్గర కనిపిస్తుంది. విదేశీ భక్తులకు జగన్నాథ ఆలయంలోకి ప్రవేశం లేదు. ఆషాఢ శుద్ధ విదియ కాని రోజుల్లో ఇస్కాన్ జరిపే రథయాత్రలకు పూరీ నుంచి అభ్యంతరం ఉంది. ఇక్కడ ఇరుపక్షాల వాదనలూ విడిగా రాసుకోండి: ఒకరిది తిథి, శాస్త్ర నియమం, మరొకరిది గుడిలోకి రాలేని వారి దగ్గరికి దేవుణ్ణి తీసుకెళ్లడం.