ఇంగ్లీష్ వ్యాకరణం, 7వ పాఠం: పార్టిసిపుల్ చెప్పే పని ఎవరిది?

కిందటి పాఠంలో క్రియకు మూడు రూపాలు చూశాం: బ్రేక్, బ్రోక్, బ్రోకెన్. ఇందులో మూడోది పాస్ట్ పార్టిసిపుల్. 'ఇంగ్' చేరిన 'బ్రేకింగ్' ప్రెజెంట్ పార్టిసిపుల్. పేర్లు చూసి వీటిని కాలంతో ముడిపెట్టకండి. 'షి వాజ్ సింగింగ్' జరిగిపోయిన సంగతి, 'ఇట్ విల్ బి బ్రోకెన్' జరగబోయేది. కాలం సంగతి వాజ్, విల్ చూసుకుంటాయి.

మరి పార్టిసిపుల్ దేన్ని చెబుతుంది? 'ఎ క్రయింగ్ బేబీ' అంటే ఏడుస్తున్న పాప, ఆ పని పాపదే. 'ఎ బ్రోకెన్ చెయిర్' అంటే విరిగిన కుర్చీ, అది కుర్చీకి జరిగింది. 'ఫాలెన్ లీవ్స్'లో ఆకులు వాటంతటవే రాలాయి. అలాంటి చోట ఈ మూడో రూపం పని పూర్తయిందని మాత్రమే చెబుతుంది.

చాలామంది తడబడేది 'ఐ యామ్ బోరింగ్' దగ్గర. అలా అంటే 'నేను ఎదుటివాళ్లకి బోర్ కొట్టిస్తాను' అని అర్థం! బోర్ కొట్టించేది బోరింగ్, బోర్ కొట్టినవాళ్లు బోర్డ్. కన్ఫ్యూజింగ్, కన్ఫ్యూజ్డ్ కూడా ఇంతే.

మూడో రకం పర్ఫెక్ట్ పార్టిసిపుల్. 'హావింగ్ ఫినిష్డ్ ద వర్క్, షి వెంట్ హోమ్': పని ముగించి ఇంటికి వెళ్లింది. బడిలో చదువుకున్న క్త్వార్థకం, అంటే 'ముగించి' లాంటి రూపం, గుర్తుందా? దాదాపు అదే. 'పాడుతూ' లాంటి శత్రర్థకానికి మాత్రం 'సింగింగ్' చాలు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, అసలు చిక్కు ఇదే. తెలుగులో 'వాన కురిసి చెరువు నిండింది' అనొచ్చు. కురిసింది వాన, నిండింది చెరువు, అయినా వాక్యం చక్కగా ఉంది. ఆ అలవాటుతో 'హావింగ్ రెయిన్డ్, ద లేక్ ఫిల్డ్ అప్' అంటే ఇంగ్లీష్‌లో కురిసింది చెరువే అవుతుంది. కామా తర్వాత వచ్చే కర్తకే పార్టిసిపుల్ పని అంటుకుంటుంది మరి. 'ఆఫ్టర్ ఇట్ రెయిన్డ్, ద లేక్ ఫిల్డ్ అప్' అంటే సరిపోతుంది. 'జనరల్లీ స్పీకింగ్' లాంటి కొన్ని స్థిరపడిన మాటలకు ఈ నియమం వర్తించదు.

ఇప్పుడు మీరు సరిచేయండి:

'ఓపెనింగ్ ద డోర్, ద లైట్స్ వెంట్ ఆఫ్.'
'ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ మ్యూజిక్.'

జవాబులు 8వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో 'ఇంగ్'తోనే వచ్చే జెరండ్‌ని ప్రెజెంట్ పార్టిసిపుల్ నుంచి విడదీసి చూద్దాం.