కొండ మీద రాత్రి పడక: బయల్దేరే ముందే చూసుకోవాల్సిన చాప సంగతి

కార్తీకం వచ్చిందంటే మా తిరుపతి కుర్రాళ్లకు కాళ్లు నిలవవు. తలకోన, నాగలాపురం, కైలాసకోన, హార్సిలీ హిల్స్ అంటూ వాట్సాప్‌లో ప్లాన్లు మొదలవుతాయి. టెంటు ఎవరిది, స్టవ్ ఎవరు తెస్తారు, నెల కాబట్టి చికెనా పనీరా అన్న పంచాయితీ దాకా అన్నీ తేలతాయి. కింద ఏం పరుచుకుంటామని మాత్రం ఎవరూ అడగరు. "ఏదో ఒక దుప్పటి ఉంటుందిలే అన్నా" అనేస్తారు.

మూడేళ్ల కిందట డిసెంబరులో హార్సిలీ హిల్స్ వెళ్లినప్పుడు నేను దుప్పటి బ్యాచ్ కాదు. కొత్తగా గాలి పరుపు కొన్నాను, మడిస్తే వాటర్ బాటిలంత అవుతుంది. ఆ గొప్ప చూపించుకోవడానికి టెంటు బయటే గడ్డి మీద ఊది పరిచి, కాసేపు చుక్కలు చూస్తూ పడుకున్నాను. తర్వాత లోపలికి లాక్కుని నిద్రపోయాను. రెండు గంటలప్పుడు తుంటి చల్లగా తగిలింది. చేత్తో తడిమితే నేల. పరుపు అప్పడంలా అయిపోయింది. ఉన్న ఒక్క దుప్పటి కింద వేసుకుంటే పైన లేదు, పైన కప్పుకుంటే కింద లేదు. తెల్లారేదాకా కారులో కూర్చున్నాను. పొద్దున్నే వెలుతురులో చూస్తే పరుపు అడుగున పల్లేరు కాయ ఒకటి అంటుకుని ఉంది. నా పరువు తీసింది అదే.

ఆ చలి ఎక్కడిదో ముందు చెప్పుకోవాలి. హార్సిలీ హిల్స్ ఎత్తు సుమారు 4,100 అడుగులు. కిలోమీటరు పైకి వెళ్తే దాదాపు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. తిరుపతిలో ఫ్యాన్ ఒకటి మీద పెట్టుకుని పడుకునే రాత్రి, అక్కడ స్వెట్టరు వేసుకునే రాత్రి. పైగా గాలి చలి కంటే నేల చలి మొండిది. పడుకున్నంతసేపూ మన ఒంటి వేడి నేలలోకి దిగిపోతూనే ఉంటుంది. స్లీపింగ్ బ్యాగ్ ఉంది కదా అంటారు. దాంట్లో వేడి ఆపేది దూది మధ్య ఉన్న గాలి. మన బరువుకి కిందివైపు దూది నలిగి అట్టలా అయిపోతే ఆ గాలి ఎక్కడుంటుంది? అందుకే బ్యాగ్ ఎంత ఖరీదైనదైనా కింద చాప కావాలి.

చాప ఎంత వేడి ఆపుతుందో చెప్పే అంకెను ఆర్ వాల్యూ అంటారు. వంటింట్లో మసిగుడ్డతో గిన్నె దించడం లాంటిదే ఇది. ఒక మడత పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, నాలుగు మడతలు వేస్తే కాలదు. మడతలు కలిసినట్టే ఆర్ వాల్యూలూ కలుస్తాయి. రెండు ఉన్న చాప మీద రెండు ఉన్న పరుపు వేస్తే నాలుగు. తడి మసిగుడ్డతో గిన్నె పట్టుకున్నవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. తడిస్తే ఎన్ని మడతలున్నా లాభం లేదు. జంపఖానా, బొంత, దుప్పటి కొండ మీద పనికిరాకపోవడానికి కారణం అదే. మంచుకి, నేల చెమ్మకి తెల్లారేసరికి తడిసి ముద్దవుతాయి.

ఒకప్పుడు ఒక్కో కంపెనీ తనకు తోచినట్టు ఈ అంకె వేసుకునేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్ 3340 అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. కొనేటప్పుడు ఆ పేరు ఉందేమో చూడండి. "మైనస్ పది డిగ్రీల దాకా" లాంటి రాతలు చూసి మాత్రం మోసపోవద్దు.

చాపలు ప్రధానంగా మూడు రకాలు. మడతలుగానో చుట్టగానో వచ్చే ఫోమ్ చాప నీళ్లు పీల్చదు, చిల్లి పడినా పని చేస్తుంది, అరకిలో లోపే బరువు, ఆర్ వాల్యూ ఒకటిన్నర నుంచి రెండు దాకా ఉంటుంది. కాకపోతే పల్చన, పైగా బ్యాగుకి బయట కట్టుకుని తిరగాలి. గాలి పరుపు మెత్తన, చిన్నగా మడుచుకుంటుంది. కానీ లోపల ఏ పొరా లేని రకమైతే వేడి ఆపడంలో ఫోమ్ కంటే తక్కువే. మూడోది మూత తిప్పితే తనే గాలి పీల్చుకునేది, లోపల స్పాంజి ఉంటుంది. హాయిగానే ఉంటుంది గానీ బరువు, కారులో వెళ్లేవాళ్లకు సరే.

మన కొండలకైతే నా ఓటు ఫోమ్ చాపకే. శేషాచలం చుట్టుపక్కల మనల్ని ఇబ్బంది పెట్టేది ముల్లూ, చెమ్మా, రాయీ. చలి వాటి తర్వాతే. తలకోన, నాగలాపురం వైపు ఫోమ్ ఒక్కటే చాలు. డిసెంబరు, జనవరిలో హార్సిలీ హిల్స్ అయితే కింద ఫోమ్, పైన గాలి పరుపు వేసుకోండి. పైది పంక్చరైనా కిందది ఉంటుంది. ఒక పక్కకి తిరిగి పడుకునే అలవాటుంటే గాలి పరుపు ఆరేడు సెంటీమీటర్ల మందం ఉండాలి. షాపులోనే ఊదించి, మోకాలు ఆనించి బరువు వేసి చూడండి. నేల తగిలితే వద్దనండి. సేల్స్ కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

అద్దె టెంటువాళ్లు "మ్యాట్ కూడా ఇస్తాం సార్" అంటే నమ్మి వెళ్లొద్దు. ఆ రోజు మాకు ఇచ్చినవి యోగా మ్యాట్లు, పల్చటివి, అంచులు చిరిగినవి. ఫోటో పెట్టమని ముందే అడగండి.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు ఇంట్లో పరీక్ష పెట్టండి. గాలి పరుపు ఊది, రాత్రంతా నేల మీద దాని మీదే పడుకోండి. కడప బండల నేల ఉంటే మరీ మంచిది, డిసెంబరులో అది కొండకేం తీసిపోదు. తెల్లారేసరికి కొంచెం వదులైతే కంగారు పడక్కర్లేదు, చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. కొండ మీద కూడా పడుకోబోయే ముందు మరో రెండు ఊదులు ఊదుకోవాలి. నేలకి ఆనితే మాత్రం చిల్లే. సబ్బు నీళ్లు రాస్తూ వెతకండి, బుడగలు వచ్చిన చోట బాల్‌పెన్‌తో గుండ్రంగా గీయండి. నేను దాన్ని సైకిల్ పంక్చర్ షాపుకి తీసుకెళ్లాను. ఆయన తొట్టిలో ముంచి చిల్లి ఇట్టే పట్టేశాడు, సొల్యూషన్ రాశాడు, ప్యాచ్ వేశాడు. అది గోరుతో గీకితే ఊడొచ్చింది. "ఇది ట్యూబు కాదు సార్, రబ్బరుకైతేనే పట్టుద్ది" అన్నాడు. పరుపుతో పాటు వచ్చే ప్యాచ్‌లు పారేయకండి. అతికించే ముందు ఆ చోటు స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరనివ్వాలి.

కింద ఒక పట్టా తప్పనిసరి. దానికి డబ్బులు పెట్టక్కర్లేదు, పాత ఫ్లెక్సీ చాలు. పల్లేరు ముల్లు అంత తేలిగ్గా దిగదు. నాయకుడి ముఖం పైకి ఉండాలా కిందికి ఉండాలా అన్నది మీ ఇష్టం. కానీ పట్టా అంచులు టెంటు బయటికి రాకుండా లోపలికి మడవండి. లేదంటే వాన నీళ్లన్నీ దాని మీద పడి టెంటు కిందికే చేరతాయి.

చోటు విషయంలో మొహమాటం వద్దు. ఇసుక మెత్తగా ఉందని వాగులో పడక వేయకండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. పైన కొండల్లో పడిన వాన మీ నెత్తిన చినుకు లేకుండానే కిందికి వచ్చేస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా ఏరులయ్యాయో చూసినవాళ్లకు కోనల్లో నీళ్ల సంగతి వేరే చెప్పాలా? కాస్త ఎత్తైన చోటు చూసుకుని, ఏటవాలు ఉంటే తల పైవైపు పెట్టుకోండి. రాళ్లు తీసేటప్పుడు చేత్తో కాదు, కర్రతో కదపండి. తేళ్లుంటాయి.

పురుగుల సంగతి ఇంకా ముఖ్యం. వానలయ్యాక పొదల్లో, గడ్డిలో కంటికి సరిగా కనిపించనంత చిన్న పురుగులుంటాయి. అవి కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. కుట్టినట్టే తెలియదు. వారం పది రోజులకి జ్వరం వస్తుంది, చంకలోనో నడుము దగ్గరో సిగరెట్ కాలినట్టు నల్లటి మచ్చ కనిపించవచ్చు. డాక్టరు దగ్గర "అడవిలో పడుకున్నాను" అని మీరే చెప్పాలి, ఆయన ఊహించలేడు. తొందరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది. కాబట్టి నాలాగా గడ్డి మీద వెల్లకిలా పడి చుక్కలు లెక్కపెట్టొద్దు.

కట్లపాముకి మాత్రం ఏ చాపా అడ్డం కాదు. అది రాత్రుళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, చాలాసార్లు నొప్పీ వాపూ ఉండవు. నిద్రలేచాక కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఆలోచించకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. అడుగు కుట్టి ఉన్న, జిప్ పూర్తిగా పడే టెంటులోనే పడుకోండి. చాప పొద్దున చుట్టే ముందు దులపండి, బూట్లు కూడా.

శేషాచలం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా రాత్రి ఉండటం నేరం. ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ వాళ్లకు మీ స్లీపింగ్ మ్యాట్ కథ చెప్పుకునే పరిస్థితి తెచ్చుకోకండి. నెగడు కూడా వద్దు. నిప్పురవ్వ పడితే గాలి పరుపుకి ప్యాచ్ వేసే పని కూడా ఉండదు, అడవికి అంటుకుంటే అది వేరే కథ.

తిరిగొచ్చాక తడి చాపను అలాగే చుట్టి అటక మీద పడేయకండి. ఫ్యాన్ కింద ఆరబెట్టండి. గాలి పరుపును ఊది మిద్దె మీద ఎండలో వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి ఉబ్బి, అతుకులు విడిపోతాయి. కారు డిక్కీలో మరచిపోయినా అంతే. స్పాంజి రకాన్ని మూత తెరిచి, చుట్టకుండా మంచం కింద పరిచి ఉంచాలి. ఇంట్లో పిల్లి ఉంటే మంచం కింద వద్దు, బీరువా వెనక నిలబెట్టండి.